తిక్కమ్మ సాక్ష్యంలో రాయని మాట

నోటీసు ఇవ్వడానికి వచ్చిన కోర్టు అమీనా మొదట చెప్పులు విప్పాడు, తర్వాత నమస్కారం పెట్టాడు, ఆ తర్వాత గోడకున్న క్యాలెండర్ చూస్తూ నిలబడిపోయాడు. పదకొండేళ్లు హైమావతి కోర్టులోనే పనిచేసినవాడు. ఆవిడ చేతికి ఇలాంటి కాగితం అందించాల్సి వస్తుందని కలలో కూడా అనుకోలేదు పాపం.

"ఇయ్యవయ్యా, నేనేం కరవను. ఎవరి మీద కేసు?" అంది హైమావతి.

"మీ మీదే మేడం."

హైమావతి కళ్లజోడు సవరించుకుని నిలువుకాళ్ల మీదే చదివింది. కర్నూలు జిల్లా జడ్జిగా రిటైరై మూడేళ్లయింది. ఇరవై ఎనిమిదేళ్ల సర్వీసులో ఎన్ని వందల మందికి నోటీసులు పంపిందో లెక్కలేదు గానీ, తన పేరు మీద ఒకటి రావడం ఇదే మొదలు. తొమ్మిదేళ్ల కిందట నాపరాయి గనిలో ఒక మేస్త్రీ హత్య జరిగింది. ఆ కేసులో ఈరన్న అనే కూలీకి యావజ్జీవం వేసింది తనే. గని యజమాని దగ్గర లంచం తిని తన భర్తను జైలుకు పంపిందని ఈరన్న భార్య ఉరుకుందమ్మ ఇప్పుడు ఫిర్యాదు చేసింది.

"లంచమా! నేనా!" అని హైమావతి గట్టిగా నవ్వింది. అమీనాకు మజ్జిగ ఇచ్చి పంపించింది. కోపం వచ్చింది గానీ భయం మాత్రం ఇసుమంతైనా వేయలేదు.

పాత చట్టం జడ్జిలకు గొప్ప భరోసా. సదుద్దేశంతో తీర్పు చెప్పిన న్యాయాధికారి మీద, ఆ తీర్పు తప్పని తర్వాత తేలినా, దావా వేయడానికి వీల్లేదు. అయితే నిరుడు ప్రభుత్వం దానికి ఒక తోక తగిలించింది. సదుద్దేశం ఉందని నోటితో అంటే చాలదు, యంత్రంతో కొలిచి చూపించాలి. పరీక్షకు ఒప్పుకుని నెగ్గితే ఇక ఎవరూ వేలెత్తి చూపలేరు. ఒప్పుకోకపోతే రక్షణ పోతుంది, ఫిర్యాదు చేసినవాళ్లు నేరుగా దావా వేసుకోవచ్చు. ఆ యంత్రం పేరు సదుద్దేశ మాపకం. అంత పేరు నోరు తిరగక జనం నిజం కిరీటం అంటున్నారు. దాన్ని కనిపెట్టిన మహానుభావుడు మరెవరో కాదు, హైమావతి సొంత తమ్ముడు గురురాజు.

మర్నాడు మధ్యాహ్నం ఆవిడ జొన్నరొట్టెలు, చెనిక్కాయల పొడి క్యారియర్లో సర్దుకుని తమ్ముడి ప్రయోగశాలకు వెళ్లింది. అది ఊరి చివర మూతబడ్డ మిల్లు ఆవరణలో ఉంది. అప్పటికి లోపల ఒక పరీక్ష జరుగుతోంది. చెన్నకేశవులని ఒక రిటైరైన మున్సిఫ్, తలకు సన్నటి తీగల వల బిగించుకుని, తను ఎప్పుడో రాసిన పొలం గట్టు తీర్పును పైకి చదువుతున్నాడు. ఎదురుగా తెర మీద రెండు గీతలు పాకుతున్నాయి.

"నీలం గీత ఆయన ఈరోజు మనసు, ఎర్రది ఆ తీర్పు రాసిననాటి మనసు," అని గురురాజు చెవిలో చెప్పాడు. "తను రాసింది చదువుతుంటే ఆనాటి మనసు లేచి కూర్చుంటుంది అక్కా. నీలాన్ని తీసేస్తే, ఆ రోజు రాసింది నమ్మి రాశాడా, నమ్మకుండా రాశాడా అన్నది తేలిపోతుంది. అంతకుమించి ఒక్క మాట కూడా యంత్రం చెప్పలేదు."

ఎర్రగీత ఎక్కడా వణక్కుండా నిలిచింది. పరీక్ష చేసే కుర్రది సర్టిఫికెట్ మీద ముద్ర కొట్టింది. చెన్నకేశవులు పెళ్లికొడుకులా లేచి బయటికి వచ్చాడు. వరండాలో ఆయన భార్య ఎదురొచ్చి, "అయిపోయిందా? కోర్టు హాల్లోకి గంగిరెద్దు వచ్చిందని ప్రతి పండక్కీ చెప్పి నవ్విస్తారే, ఆ గట్టు కేసే కదా?" అంది.

"గంగిరెద్దా?" అన్నాడాయన. "ఏ గంగిరెద్దే?"

ఆవిడ నవ్వబోయి ఆగిపోయింది. గురురాజు మొహం పక్కకు తిప్పుకున్నాడు.

రొట్టెలు తింటూ అసలు సంగతి చెప్పాడు. యంత్రం బయటికి లాగిన జ్ఞాపకం మళ్లీ లోపలికి పోదు. ఆ తీర్పూ, దాని చుట్టూ ఉన్న వాదనలూ, సాక్షులూ, అంతా తుడిచిపెట్టుకుపోతుంది. ప్రభుత్వానికి చెప్తే, పాత కేసు గుర్తుండి ఎవరికేం ఒరిగిందని కొట్టిపారేశారట.

"ఇంతకీ నీకు ముందే తెలుసా?"

"తెలియకేం. మొదట నా మీదే పరీక్షించుకున్నా గదా." గురురాజు రొట్టె ముక్కను పళ్లెంలో అటూ ఇటూ జరిపాడు. "మాలిని ఆపరేషన్‌కు నేను సంతకం పెట్టిన రోజు. ఆ సంతకం సరైందా కాదా అని ఆరేళ్లు నలిగిపోయినా. పరీక్షలో తేలింది, మనస్ఫూర్తిగానే పెట్టినానని. బరువు దిగిపోయింది. కానీ ఆ రోజు లోపలికి తీసుకుపోతుంటే మాలిని నాతో ఏమో చెప్పిందంట. నర్సు చెప్పింది నాకు. అదేమిటో ఇప్పుడు ఎంత తన్నుకున్నా రావడం లేదక్కా."

హైమావతి తమ్ముడి వీపు మీద చెయ్యి వేసింది. మరదలు పోయిన రోజు తనూ ఆసుపత్రిలోనే ఉంది గానీ, ఆ మాట తన చెవిన కూడా పడలేదు.

తర్వాత ఆవిడే అంది, "నా సంగతి వేరులేరా. ఒక ఖూనీ కేసు మర్చిపోతే నాకు పోయేదేముంది? పెట్టు నీ కిరీటం. నెల తిరక్కుండా ఈ మచ్చ కడిగేసుకుంటా."

పరీక్షకు ముందు కేసు కాగితాలన్నీ చదువుకు రావాలని నిబంధన. జిరాక్సు కట్ట ఇంటికి వచ్చింది. హైమావతి పొద్దున్నే స్నానం చేసి, కాఫీ పక్కన పెట్టుకుని, పరీక్షకు కూర్చున్న విద్యార్థినిలా హుషారుగా మొదలుపెట్టింది. తన తీర్పు చదువుకుంటే తనకే ముచ్చటేసింది. ఎంత పొందిక, ఎంత తర్కం! తర్వాత సాక్షుల వాంగ్మూలాలు తీసింది. కేసు మొత్తానికి కళ్లారా చూసిన సాక్షి ఒక్కతే. తిక్కమ్మ అనే ముసలామె, గని దారిలో మేకలు కాసుకునేది.

"మధ్యాహ్నం రెండు గంటల వేళ గని దారిలో వస్తున్నాను. ముద్దాయి గడ్డపార పట్టుకుని పరిగెత్తడం చూశాను. అతను నాకు చిన్నప్పటి నుంచి తెలుసు."

అంతే. మూడు వాక్యాలు. హైమావతి మళ్లీ చదివింది. కాఫీ చల్లారిపోయింది.

కింది కోర్టుల్లో సాక్షి చెప్పింది చెప్పినట్టు ఎవరూ రాయరు. సాక్షి తన ధోరణిలో చెప్పుకుపోతాడు, జడ్జి విని, అందులో కేసుకు పనికొచ్చేది ఏరి, టైపిస్టుకు చెప్తుంది. కట్టెలమ్మిన సంగతీ, కోడలు తిట్టిన సంగతీ అన్నీ రాస్తూ కూర్చుంటే ఒక్క సాక్షికే వారం పడుతుంది. ఈ ఏరడంలో హైమావతిది అందెవేసిన చెయ్యి. ఆవిడ కోర్టులో సాక్షి పొద్దున బోనెక్కితే భోజనాల వేళకు దిగిపోతాడని వకీళ్లు చెప్పుకునేవాళ్లు. ఆ మాట విన్నప్పుడల్లా ఆవిడ లోలోపల పొంగిపోయేది.

ఇప్పుడు ఆ మూడు వాక్యాల మధ్య నుంచి తిక్కమ్మ నడుచుకుంటూ వచ్చింది. ఎర్రచీర, చెంపన సున్నం మరక, కొంగుతో అస్తమానం ఎడమకన్ను ఒత్తుకోవడం.

"ఆ పొద్దు మా ఊరికి కండ్ల డాక్టర్లు వచ్చినారు మేడం. నా కండ్లలో ఏందో మందు పోసినారు. ఎండకు అంతా తెల్లగా, మంటమంటగా అగపడ్తాండె. మేకలు యాడ పోతాండాయో కూడా..."

"అవ్వా, మేకల సంగతి వద్దు. ఎవర్ని చూసినావో అది చెప్పు."

"ఈరన్ననే మేడం. ఆ గుడ్డలు ఈరన్నవే."

కోర్టులో ఎవరో నవ్వారు. తను టైపిస్టు వైపు తిరిగి గబగబా మూడు వాక్యాలు చెప్పింది. చదివి వినిపించారు, ముసలామె వేలిముద్ర వేసింది. ఈరన్న తరఫు కుర్ర వకీలు కాగితాలు వెతుక్కుంటూ, అడగడానికేమీ లేదన్నాడు. కళ్లమందు మాట ఎక్కడా ఎక్కలేదు. ఎండలో మనుషులు తెల్లటి మచ్చల్లా కనబడుతున్నప్పుడు, గుడ్డల్ని బట్టి గుర్తుపట్టిన సాక్ష్యం మీద ఒక మనిషి తొమ్మిదేళ్లుగా జైల్లో ఉన్నాడు.

హైమావతి కాగితాల కట్ట మూసేసింది. లేచి నీళ్లు తాగింది. మళ్లీ తాగింది. జీవితంలో మొదటిసారి ఆవిడకు తనంటే అసహ్యం వేసింది.

ఆ తర్వాత పది రోజులు కళ్లమందు మాటకు ఆధారం వెతుక్కుంటూ అక్కాతమ్ముళ్లు ఇద్దరూ కాళ్లరిగేలా తిరిగారు. తిక్కమ్మ చనిపోయి నాలుగేళ్లయింది. ఆనాటి కుర్ర వకీలు ఇప్పుడు పెద్ద వకీలై, ఆ కేసు పేరు కూడా గుర్తులేదన్నాడు. టైపిస్టు, "మీరు చెప్పింది కొట్టడమే గదా మేడం నా పని," అన్నాడు. కళ్ల శిబిరం పెట్టిన సంఘం ఎప్పుడో చెదిరిపోయింది, ఒక్క కాగితమూ మిగల్లేదు. ఆ మాటకు ఈ భూమ్మీద ఉన్న ఆధారం హైమావతి బుర్ర ఒక్కటే.

"ఒక ప్రమాణపత్రం రాసి హైకోర్టుకు పంపించు. ఆ తర్వాత కిరీటం పెట్టుకో," అన్నాడు గురురాజు. ఈరన్న తన కేసు తిరగతోడమని పెట్టుకున్న అర్జీ హైకోర్టులో ఎలాగూ నడుస్తోంది.

"ప్రభుత్వ వకీలు నన్ను బోనెక్కించి అడుగుతాడురా, ముసలామె సరిగ్గా ఏమన్నది, ఎప్పుడన్నది, నువ్వేమన్నావు అని. గుర్తులేదంటే ఆ పత్రం చిత్తుకాగితమే. అట్లాంటివి నేనెన్ని పక్కన పడేసినానో."

"మరి వాయిదా అడుగు. హైకోర్టు పని అయినాక పరీక్షకు పో."

"వాయిదా అడిగితే నిరాకరించినట్టే అని రాసుంది. ఆ రూలు రాసిన కమిటీలో నువ్వూ ఉన్నావు."

గురురాజు తల పట్టుకున్నాడు. "అక్కా, నువ్వు కూర్చుంటే చాలు, గీత నిలుస్తుంది. నువ్వు లంచం తినలేదని దేశమంతా ఒప్పుకుంటుంది. కూర్చోకపోయినావో, రేపట్నుంచి ఊళ్లో ప్రతివాడూ నువ్వు తినింటావనే అంటాడు. మామూలుగా జడ్జిని బోనెక్కించి నీ కోర్టులో ఏం జరిగిందని అడిగే హక్కు ఎవరికీ లేదు గదా, ఆ రక్షణ కూడా నీ అంతట నువ్వే వదులుకుంటానంటున్నావు. ఎందుకిదంతా? నువ్వు కావాలని చేసింది కాదే!"

"కావాలని చేయలేదు. అది నాకు తెలుసు, దానికి నీ కిరీటం అక్కర్లేదు," అంది హైమావతి. లంచగొండి అన్న మాట తలుచుకుంటేనే ఒళ్లు జలదరిస్తోంది. ఇరవై ఎనిమిదేళ్లు పెళ్లిళ్లకు కూడా తలవంచుకుని పోయి అక్షింతలేసి వచ్చేసిన మనిషి, ఎవరింట్లో కాఫీ తాగితే ఏమంటారోనని. "భయంగానే ఉందిరా గురూ. కానీ నా బుర్రలో ఉన్నది నా సొత్తు కాదు. అది ఈరన్నది."

పరీక్ష రోజున గురురాజును లోపలికి రానివ్వలేదు. గదిలో న్యాయశాఖ అధికారి జలాలుద్దీన్, పరీక్ష చేసే కుర్రది, ఒక మూల ఉరుకుందమ్మా ఆమె వకీలు ఉన్నారు. ఉరుకుందమ్మ రాళ్లు మోసి మోసి గట్టిపడ్డ మనిషి. హైమావతిని చూపులతోనే నమిలేస్తోంది.

తీగల వల తలకు పెట్టబోతుంటే హైమావతి చెయ్యి అడ్డం పెట్టింది. "నేను ఒప్పుకోవడం లేదు. రాసుకోండి."

జలాలుద్దీన్ కంగారు పడ్డాడు. "మేడం, దీని ఫలితం ఏమిటో మీకు తెలుసు కదా? మీకు ఇక ఏ రక్షణా ఉండదు."

"తెలుసు."

"చూసినారా!" అని ఉరుకుందమ్మ లేచింది. "తినింది గాబట్టే వద్దంటాంది! నేను చెప్పలేదా?"

హైమావతి ఆమెకు ఎదురుగా వెళ్లి నిలబడింది. తిక్కమ్మ చెప్పిన మాట, తను రాయించని మాట, మొదటి నుంచి చివరిదాకా చెప్పింది. ఉరుకుందమ్మ వింటూ వింటూ గోడకు ఆనుకుంది.

"మరి ఆ పొద్దు ఎందుకు రాయలేదు?"

"అక్కర్లేదనుకున్నాను."

"అక్కర్లేదా?" ఉరుకుందమ్మ గొంతు చీలిపోయింది. "నా మొగుడు తొమ్మిదేండ్లు లోపల కుళ్లిపోయినాడు! మా అత్త కొడుకును చూడకుండానే సచ్చిపాయె! నీకు అక్కర్లేకపోయిందా? లంచం తినింటేనన్నా బాగుండు, తిట్టుకునేదానికి ఒక పేరుండు!" అని నేల మీద కూలబడి ఏడ్చింది. ఆమె వకీలు ఏదో అనబోతే చేత్తో తోసేసింది. చాలాసేపటికి తలెత్తింది. "ఇదంతా హైకోర్టులో చెప్తావా?"

"చెప్తాను."

"అంతవరకు మర్చిపోకుండా ఉంటావా?"

"మర్చిపోకూడదనే ఇది పెట్టుకోలేదమ్మా."

గురురాజు జోస్యం అక్షరాలా ఫలించింది. వారం తిరక్కుండా పత్రికల్లో హైమావతి ఫోటో పడింది, కింద పెద్ద ప్రశ్నార్థకం. పాల ప్యాకెట్లు వేసేవాడు కూడా అదోలా చూశాడు. హైమావతి ఏ పత్రికకూ జవాబివ్వలేదు, రోజూ సాయంత్రం ఎప్పటిలాగే రోడ్డు మీద నడకకు వెళ్లింది. పలకరించినవాళ్లను పలకరించింది. రెండు నెలలకు ఈరన్న అర్జీలో సాక్ష్యానికి హైకోర్టు పిలిచింది.

ఎప్పుడూ పైన కూర్చున్న మనిషి బోనులో నిలబడితే కాళ్లకు ఆ ఎత్తు కొత్తగా ఉంటుంది. కుర్చీ వేయిస్తామన్నారు, వద్దంది. ప్రభుత్వ వకీలు మూడు గంటలు అడిగాడు.

"తొమ్మిదేళ్ల తర్వాత సరిగ్గా మీ మీద ఫిర్యాదు వచ్చాకే ఈ కళ్లమందు గుర్తొచ్చిందా?"

"అవును. ఫిర్యాదు వచ్చాకే ఫైలు చదివాను. చదవకపోతే గుర్తొచ్చేది కాదు."

"సానుభూతి కోసం కల్పించారని నేనంటాను."

"సానుభూతి కావాలంటే పరీక్షకు కూర్చునేదాన్ని. నెగ్గేదాన్ని కూడా."

"సాక్షి ఏ కన్ను తుడుచుకుంది?"

"ఎడమది. కొంగుతో. మీరు నా కోర్టుకు వచ్చి ఉంటే ఇలాంటి ప్రశ్నను పనికిరాదని కొట్టేసేదాన్ని. అదే నేను చేసిన తప్పు."

హాల్లో ఎవరూ నవ్వలేదు. వకీలు ఇంకా చాలా అడిగాడు, తిప్పి తిప్పి అడిగాడు. ఆవిడ మాట ఎక్కడా మారలేదు, ఒక్కచోట మాత్రం గుర్తులేదని చెప్పింది, నిజంగానే గుర్తులేదు. పదిహేను రోజుల తర్వాత ఈరన్న నిర్దోషి అని తీర్పు వచ్చింది. గురురాజు ఆ మర్నాడే ప్రభుత్వానికి ఉత్తరం రాశాడు. తన యంత్రం సాక్ష్యాన్ని చూపించే సాకుతో సాక్ష్యాన్నే తినేస్తుందనీ, దాన్ని కోర్టుల దరిదాపుల్లోకి రానివ్వద్దనీ. పరిశీలిస్తామని జవాబొచ్చింది. ప్రభుత్వం సంగతి తెలిసిందే గదా.

రక్షణ పోయాక భర్త తరఫున ఉరుకుందమ్మ హైమావతి మీద వేసిన దావా మాత్రం అలాగే ఉంది. దాన్ని నడపాలా వద్దా అన్నది ఇప్పుడు ఈరన్న ఇష్టం. కర్నూల్లో అది పరిమళ అనే కొత్త జడ్జి ముందుకు వచ్చింది. ఉద్యోగంలో చేరి ఏడాది కాలేదు. ముద్దాయి స్థానంలో నిలబడ్డ హైమావతిని చూడగానే ఆ పిల్ల లేవబోయి తమాయించుకుంది. పెన్ను పట్టుకున్న చెయ్యి సన్నగా వణుకుతోంది.

ఈరన్న తన భార్య పక్కన నిలబడ్డాడు. మనిషి ఎండిపోయాడు, జుట్టంతా తెల్లబడింది. హైమావతి అతన్ని తొమ్మిదేళ్ల తర్వాత చూడటం అదే.

"మీరేమన్నా చెప్పుకుంటారా?" అని పరిమళ హైమావతిని అడిగింది.

"తప్పు నాది. ఈరన్నా, నీ ముందర ఒప్పుకుంటున్నాను. నన్ను క్షమించమని కూడా అడగను, ఆ ముఖం నాకు లేదు. కానీ ఈ దావా ఆపమని అడుగుతున్నాను."

కోర్టు గుసగుసలాడింది. ఉరుకుందమ్మ కళ్లెర్రజేసింది. ఈరన్న మాత్రం నెమ్మదిగానే అడిగాడు. "తప్పు ఒప్పుకున్న్యాక మళ్ల ఆపేదెందుకు మేడం?"

"నాకోసం కాదు. ఆ పైన కూర్చున్న పిల్లను చూడు. రేపు నీలాంటి మనిషి ఎవరో ఈ బోనులో నిలబడతాడు. వాడికి వ్యతిరేకంగా పెద్దవాళ్లుంటారు, డబ్బుంటుంది, పోలీసులుంటారు. వాణ్ణి విడిచిపెడితే తన మీద దావా పడుతుందేమోనని ఆ పిల్ల భయపడితే, వాడు లోపలికి పోతాడు. ఆ రక్షణ జడ్జికి ఇచ్చినట్టు కనబడుతుంది గానీ, అది నిజానికి బోనులో ఉన్నవాడిదే. నేను దాన్ని పాడు చేసినాను. నామీద కోపంతో నువ్వు దాన్ని తీసేయవద్దు."

ఈరన్న పరిమళ వైపు చూశాడు. ఆమె పెన్ను పట్టుకున్న చేతిని చూశాడు. ఉరుకుందమ్మ అతని మోచెయ్యి పట్టుకుంది, ఇక ఇంటికి పోదామన్నట్టో, ఒప్పుకోవద్దన్నట్టో.

"సరే మేడం, ఆపేస్తా," అన్నాడు చివరికి పరిమళతో. "నాకు ఆమె ఆస్తులొద్దు, ఏమొద్దు. కానీ ఒకటుంది. నా కేసు నడిసినప్పుడు నన్ను ఎవరూ సరింగా అడగలేదు. ఆ పొద్దు నేను యాడుండానో, ఈ తొమ్మిదేండ్లు ఎట్లుండానో, అంతా చెప్పల్ల. మీరు రాసుకోవల్ల. ఆమె నిలబడి వినల్ల."

పరిమళ హైమావతి వైపు చూసింది, ఏమంటారన్నట్టు. హైమావతి చూపు తిప్పుకుంది. ఆ కుర్చీ ఇప్పుడు తనది కాదు. పరిమళ ఒక్క క్షణం ఆలోచించి, టైపిస్టుతో, "ఆయన చెప్పింది చెప్పినట్టు కొట్టండి," అంది.

"ఆ పొద్దు సద్దన్నం తిని గనికి పోయినాను మేడం," అని ఈరన్న మొదలుపెట్టాడు. "ఉల్లిగడ్డ లేదని ఈమెతో కొట్లాడినాను..."

భోజనాల వేళ దాటింది. ఈరన్న ఇంకా మొదటి రోజు దగ్గరే ఉన్నాడు. హైమావతి బోనులో నిలబడి వింటోంది, ఎవరూ అతన్ని ఆపలేదు.